తీగ కనిపించే షిప్పో, తీగ మాయమయ్యే షిప్పో

లోహం మీద గాజు పొడి కరిగించి రంగులద్దే జపాన్ మీనా పనిని షిప్పో అంటారు. ఏడు రత్నాలని అర్థం. అందులో తీగ కనిపించే యూసెన్ గొప్పదా, తీగ మాయమయ్యే ముసెన్ గొప్పదా అంటే చప్పున చెప్పడం కష్టమే.

యూసెన్‌కి తీగే ప్రాణం. రాగి కూజా మీద గీసిన బొమ్మ వెంబడే సన్నటి వెండి, బంగారు తీగను వంచి, అంచు మీద నిలబెట్టి జిగురుతో అతికిస్తారు. అలా తీగల మధ్య ఏర్పడిన చిన్న చిన్న గదుల్లో తడి గాజు పొడి నింపి కొలిమిలో కాలుస్తారు. కాలాక పొడి కుంగుతుంది. మళ్లీ నింపాలి, మళ్లీ కాల్చాలి. చివర్లో సాన పట్టాలి, అదో తపస్సు. క్యోటోలో నమికవ యాసుయుకి చేసిన కూజాల్లో అద్దంలాంటి నలుపు మీద పువ్వు రెక్క రెక్కకీ ఓ మెరుపు గీత కనిపిస్తుంది.

ముసెన్ కూడా తీగతోనే మొదలవుతుంది. కానీ కాల్చేముందు దాన్ని లాగేస్తారు. రంగులు అంచుల దగ్గర ఒకదాంట్లోకి ఒకటి కరిగి, పొగమంచు, వెన్నెల అచ్చం కుంచెతో వేసినట్టే వస్తాయి. ఇందులో దిట్ట టోక్యోకు చెందిన నమికవ సోసుకే. ఇంటిపేరు ఒకేలా పలికినా ఇద్దరికీ చుట్టరికం లేదు, రాసే అక్షరాలూ వేరు. 1896లో ఇద్దరూ చక్రవర్తి ఆస్థాన కళాకారులయ్యారు. టోక్యో అకసాక ప్యాలెస్ భోజనశాల గోడలకు సోసుకే చేసిన 30 పక్షుల, పూల ఫలకాలున్నాయి.

దూరం నుంచి చూస్తే ముసెన్‌దే పైచేయి. చేతిలోకి తీసుకుని చూసే చిన్న కూజా అయితే మాత్రం నా ఓటు తీగకే. ముసెన్ పనితనమంతా తన చెయ్యి కనబడకుండా దాచుకోవడంలో ఉంది, నాకేమో ఆ చెయ్యే చూడాలని ఉంటుంది.