సీడీఎల్ టెస్ట్‌కి ట్రక్కు అద్దెకు తీసుకుంటున్నారా? నాలాగా డబ్బులు పోగొట్టుకోకండి

అమెరికాలో క్లాస్ ఏ సీడీఎల్ (పెద్ద ట్రైలర్ తగిలించిన ట్రక్కులు నడిపే కమర్షియల్ లైసెన్స్) కోసం తిరుగుతున్న మనవాళ్లకి ఈ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. పోయిన నెల టెస్ట్ రోజున స్టీరింగ్ కూడా ముట్టుకోకుండా ఇంటికొచ్చేశాను. 450 డాలర్లు పోయాయి, టెస్ట్ డేట్ పోయింది, పనికి పెట్టిన సెలవూ దండగయింది. కారణం నా డ్రైవింగ్ కాదు, అద్దెకు తెచ్చుకున్న ట్రక్కు.

ట్రైనింగ్ వరకు నేను పద్ధతిగానే వెళ్లాను. 2022 ఫిబ్రవరి 7 నుంచి మొదటిసారి క్లాస్ ఏ గానీ, క్లాస్ బీ (పెద్ద ట్రైలర్ లేని భారీ బండ్లకి) గానీ తీసుకునేవాళ్లు ఫెడరల్ ట్రైనింగ్ ప్రొవైడర్ రిజిస్ట్రీలో పేరున్న స్కూల్లో ఈఎల్‌డీటీ (కొత్త డ్రైవర్లకి తప్పనిసరి ట్రైనింగ్) పూర్తి చెయ్యాలి. పూర్తయిందని ఆ స్కూలు రిజిస్ట్రీలో ఎక్కించాకే స్కిల్స్ టెస్ట్‌కి (బండి నడిపి చూపించే పరీక్ష) రానిస్తారు. పర్మిట్ (లెర్నర్ లైసెన్స్) చేతికొచ్చాక 14 రోజులు ఆగాలి. ఇవన్నీ అయిపోయాయి. చిక్కల్లా ట్రక్కు దగ్గరే వచ్చింది. టెస్ట్ పెట్టేది టెస్ట్ సెంటర్ వాళ్లు, ట్రక్కు తెచ్చుకోవాల్సింది మనం. మా స్కూలుకి ఉన్నవి రెండే ట్రక్కులు, టెస్ట్‌కి ఇవ్వాలంటే 5 వారాలు ఆగమన్నారు. నాకేమో ఉద్యోగం తొందర. ఆగలేకపోయాను.

అప్పుడు తెలిసిన తమ్ముడొకడు ఒక నంబర్ ఇచ్చాడు. "అన్నా, ఈయన టెస్ట్‌లకి ట్రక్కులిస్తాడు, మనవాడే." ఆ "మనవాడే" అన్న మాటకే నేను మెత్తబడిపోయాను. ఫోన్ చేస్తే 450 అన్నాడు, మొత్తం ముందే జెల్‌లో (ఫోన్‌లోంచి బ్యాంకు డబ్బు పంపే యాప్) కొట్టాలన్నాడు. తన డ్రైవరే ట్రక్కు టెస్ట్ సెంటర్‌కి తెస్తాడట. ఫోటో కూడా పంపాడు: నీలం రంగు ట్రాక్టర్ (ట్రైలర్‌ని లాగే ముందు బండి), 10 స్పీడ్ మాన్యువల్, వెనక 53 అడుగుల ట్రైలర్. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా ఉంది.

"ముందు రోజు ఒకసారి వచ్చి చూసుకోవచ్చా అండీ?" అనడిగాను.

"ఎందుకు భయ్యా, మీకెందుకా శ్రమ? వారానికి ముగ్గురు నలుగురు మా ట్రక్కు మీదే పాసవుతున్నారు. టెన్షన్ పెట్టుకోకండి."

ఆ ఫోన్లోనే ఇంకో మాటన్నాడు. "ట్రైనింగ్ చెయ్యని వాళ్లెవరైనా ఉన్నా పంపండి, నేను చూసుకుంటా." ఫోన్ అప్పుడే పెట్టేసి ఉండాల్సింది. పెట్టలేదు. డబ్బులు కొట్టాను.

టెస్ట్ 8 గంటలకి. నేను 7 గంటలకే వెళ్లి కూర్చున్నాను. ట్రక్కు 7:50కి వచ్చింది. నీలం కాదు, తెల్లది. మాన్యువల్ కాదు, ఆటోమేటిక్. డ్రైవర్ని అడిగితే "బ్లూది షాపులో ఉంది సార్, ఇది కూడా మంచిదే" అన్నాడు. మంచిదే కావచ్చు గానీ ఆటోమేటిక్‌లో టెస్ట్ పాసైతే లైసెన్స్ మీద 'E' అనే రిస్ట్రిక్షన్ పడుతుంది, అంటే మాన్యువల్ కమర్షియల్ బండి నడపకూడదు. నేను నేర్చుకుంది మాన్యువల్ మీద. సరే, ఇప్పుడు చాలా కంపెనీలు ఆటోమేటిక్కే కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. అంత దూరం వచ్చాక మనిషి దేనికైనా సర్దుకుంటాడు.

మిగిలిన పది నిమిషాల్లో ట్రక్కు చుట్టూ తిరిగి చూద్దామనుకున్నా. స్కూల్లో ప్రీ-ట్రిప్ (బండి కదిలించేముందు చేసే తనిఖీ) మొత్తం వేరే కంపెనీ ట్రాక్టర్ మీద బట్టీ కొట్టాను. ఇందులో కూలెంట్ ట్యాంక్ ఒకచోట, పవర్ స్టీరింగ్ రిజర్వాయర్ ఇంకోచోట. ట్రైలర్ వెనక ఎడమవైపు ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే బ్రేక్ సిస్టమ్) దీపం పసుపు రంగులో వెలుగుతూనే ఉంది. తాళం తిప్పినప్పుడు వెలిగి ఆరిపోవాల్సిన దీపం అది. డ్రైవర్‌కి చూపిస్తే "అది ఎప్పుడూ అంతే" అన్నాడు. ఆ జవాబు విన్నాక నాకు చెమట పట్టింది.

ఎగ్జామినర్ వచ్చింది. ముందు కాగితాలు అడిగింది. ట్రాక్టర్ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ సరిపోయాయి. ట్రైలర్ కాగితంలో విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) ఒకటుంది, ట్రైలర్ మీద ఉన్నది ఇంకొకటి. అంటే వేరే ట్రైలర్ కాగితం తెచ్చి పెట్టారు. పోనీ ట్రైలర్‌కి కంపెనీవాళ్లు కొట్టిన ప్లేట్ చూద్దామంటే దాని మీద నిండుగా పెయింట్ కొట్టేశారు, ఒక్క అంకె కనపడదు. టెస్ట్ క్యాన్సిల్. మొత్తం పది నిమిషాలు పట్టింది. ఆవిడ గొంతు కూడా పెంచలేదు, ఇలాంటివి రోజూ చూస్తున్నట్టుంది.

ప్లేట్‌కి అంత పట్టింపు ఎందుకంటే, క్లాస్ తేలేది దాని మీది అంకెలతోనే. క్లాస్ ఏ కావాలంటే ట్రాక్టర్, ట్రైలర్ కలిపి రేటింగ్ (తయారీ కంపెనీ చెప్పిన గరిష్ఠ బరువు) 26,001 పౌండ్లు లేదా అంతకు మించి ఉండాలి, అందులో ట్రైలర్ రేటింగ్ ఒక్కటే 10,000 దాటాలి. 53 అడుగుల ట్రైలర్ 10,000 దాటుతుందని చిన్నపిల్లాడికైనా తెలుసు, కానీ ఎగ్జామినర్‌కి కావాల్సింది రాతలో కనపడాలి. ఆవిడ మీద నాకేం కోపం లేదు.

కోపమంతా ఫోన్ అవతలి మనిషి మీద. "ట్రక్కు టైముకి తెచ్చాం కదండీ, క్యాన్సిల్ చేసింది వాళ్లు, నాకేం సంబంధం?" అన్నాడు. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీ అంతట మీరే పంపిన డబ్బు కదా, వెనక్కి తేలేం అన్నారు. రాతకోతల్లేవు, రసీదు లేదు. నా దగ్గరున్నదల్లా ఆ నీలం ట్రక్కు ఫోటో.

ఈ దెబ్బ తిన్నాక నాలుగైదు చోట్ల ట్రక్కు రేట్లు కనుక్కున్నాను, అప్పుడు ఇంకో వల కనపడింది. తక్కువ రేటు చెప్పేవాళ్లలో కొందరు ఇచ్చేది పెద్ద పికప్, దానికి గూస్‌నెక్ ట్రైలర్ (పికప్ వెనక తొట్టిలో తగిలించేది). "ఇదీ క్లాస్ ఏనే భయ్యా" అంటారు. అబద్ధం కాదు, రేటింగ్ సరిపోతే క్లాస్ ఏ వస్తుంది. కానీ దానికి ఎయిర్ బ్రేక్ లేకపోతే 'L' రిస్ట్రిక్షన్ పడుతుంది, ఫిఫ్త్ వీల్ (సెమీ ట్రైలర్‌ని ట్రాక్టర్‌కి కలిపే గుండ్రటి ప్లేట్) లేదు కాబట్టి 'O' రిస్ట్రిక్షన్, ఆటోమేటిక్ అయితే 'E' కూడా. మూడూ కలిస్తే పేరుకి క్లాస్ ఏ ఉంటుంది గానీ పద్దెనిమిది చక్రాల బండి ఎక్కనివ్వరు. పికప్ పనులే చేసుకునేవాళ్లకి అది చాలు, వాళ్లని తప్పు పట్టను. ఆ పద్దెనిమిది చక్రాల సెమీ నడపాలనుకునేవాళ్లు మాత్రం ఆ రేటు చూసి పడిపోకండి. క్లాస్ బీ వాళ్లలో కొందరు ఇల్లు మారేటప్పుడు తెచ్చే 26 అడుగుల అద్దె ట్రక్కుతో పని కానిచ్చేద్దాం అనుకుంటారు. ఆ బండ్లు మామూలు లైసెన్స్‌తో నడపడానికి 26,000 పౌండ్లు దాటకుండా తయారుచేసినవి, వాటితో టెస్ట్ ఇవ్వడం కుదరదు.

డబ్బులు ఇచ్చేముందు ఆ ట్రక్కు ఉన్న యార్డుకి మీరే వెళ్లండి. ఫోటో కాదు, వీడియో కాల్ కాదు, కాళ్లతో వెళ్లండి. ట్రాక్టర్ డోర్ దగ్గర లేబుల్, ట్రైలర్ ప్లేట్ చదివి ఫోటో తీసుకోండి, కాగితాల మీది విన్ నంబర్లతో ఒక్కో అంకె సరిచూడండి. లైట్లన్నీ వేయించండి. ఎయిర్ బ్రేక్ పరీక్ష అక్కడే చేసి చూడండి: ఇంజన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వదిలి, పెడల్ తొక్కి పట్టుకుంటే ఒక నిమిషంలో 4 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) మించి గాలి పడిపోకూడదు. ఇదంతా చేస్తానంటే విసుక్కునే యజమాని దగ్గర తీసుకోకండి. కుదిరితే ఆ ట్రక్కు మీదే ఒక గంట బ్యాకింగ్ ప్రాక్టీస్‌కి కూడా డబ్బులివ్వండి, పాసైనవాళ్లంతా అదే చెప్తున్నారు. ఏ ట్రక్కు, ఏ ట్రైలర్, క్యాన్సిల్ అయితే ఎంత వెనక్కి ఇస్తారు, ఇవన్నీ కనీసం మెసేజ్‌లో అయినా రాయించుకుని సగమే అడ్వాన్స్ ఇవ్వండి.

ట్రక్కుతో వచ్చే డ్రైవర్‌కి ఆ క్లాస్ సీడీఎల్ ఉందో లేదో కూడా చూడండి. పర్మిట్ మీద ఉన్న మనం ఒంటరిగా నడపకూడదు, ఆయన పక్క సీట్లో ఉండాలి. ట్రక్కు దింపేసి వెళ్లిపోతే, ఫెయిలైతే మీరు ఆ బండితో అక్కడే ఇరుక్కుంటారు.

ఇక ఆ "నేను చూసుకుంటా" గురించి. ఈఎల్‌డీటీ లేకుండా పంపిస్తామన్నా, ఎగ్జామినర్ మనకి తెలుసన్నా అక్కడి నుంచి వచ్చేయండి. నేర్పినవాడే తన శిష్యుడికి టెస్ట్ పెట్టకూడదని ఫెడరల్ రూల్ ఉంది. టెస్ట్‌లో మోసం చేసినట్టు కోర్టులో రుజువైతే కనీసం ఏడాది పాటు మళ్లీ అప్లై చెయ్యలేరు. రిజిస్ట్రీలో పేరుందని కూడా గుడ్డిగా నమ్మకండి, అర్హత ఉందని స్కూళ్లు తమకు తామే ధ్రువీకరించుకుని అందులో చేరతాయి.

నేను మళ్లీ స్కూలు క్యూలోనే నిలబడ్డాను. డేట్ వచ్చే నెల 3వ తారీకుకి దొరికింది, నేర్చుకున్న పాత మాన్యువల్ ట్రక్కే. నిన్న సాయంత్రం వెళ్లి దాని ట్రైలర్ ప్లేట్ తుడిచి ఫోటో తీసుకొచ్చాను. మా ఇన్‌స్ట్రక్టర్ నవ్వాడు.