బస్సులోంచి పడిపోయిన గ్రాఫిక్స్ కార్డు: డెబియన్ 12తో రెండేళ్లు

హనుమకొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. 2023లో డెబియన్ 12 (విండోస్ బదులు వేసుకునే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) రాగానే వేసుకున్నాను, పనంతా కెడెన్‌లైవ్ అనే వీడియో ఎడిటర్‌లోనే. ఇన్‌స్టాలేషన్ సంగతులు అందరికీ తెలిసినవే. నాకు నచ్చింది ఒకటే: మెషీన్ ఎందుకు చచ్చిందో తనే రాసి పెట్టుకుంటుంది.

మొదటి ఏడాది ఒక్కసారీ ఆగలేదు. కనిపించిన ప్రతివాడికీ గొప్పగా చెప్పాను. అప్పటికింకా గ్రాఫిక్స్ కార్డు పెట్టలేదు లెండి.

కార్డు కొన్నాక మాఘమాసం ముహూర్తాల్లో మొదలైంది. రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేయడం) సగంలో ఉండగా బొమ్మ ఆగిపోయేది, మౌస్ కదలదు, ఫ్యాన్ మాత్రం హోరు. టెక్స్ట్ స్క్రీన్‌కు వెళ్లే కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పవర్ బటన్ పట్టుకుని ఆపడమే. అవతల పెళ్లికూతురు తండ్రి ఫోన్: "తమ్మీ, క్యాసెట్ ఇయ్యాలన్న అయితదా?" పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా ఆయనకది క్యాసెట్టే.

తప్పు కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ది, అంటే డ్రైవర్‌దే అనుకున్నాను. కారణముంది. అంతకుముందు ఒకసారి కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్ అయి, దానికి సరిపోయే హెడర్స్ ప్యాకేజీ లేక, కొత్త కెర్నెల్‌కు తగ్గట్టు డ్రైవర్‌ను మళ్లీ తయారుచేసే డీకేఎంఎస్ ఆ మాడ్యూల్ కట్టలేకపోయింది, స్క్రీన్ నల్లబడింది. ఇదీ ఆ రోగమే అనుకుని పాత వెర్షన్ వేశాను, తర్వాత ఓపెన్ సోర్స్ డ్రైవర్ వేశాను. దాంతోనూ చచ్చింది. మదర్‌బోర్డును అప్పుడే అనుమానించాల్సింది. బుద్ధి రాలేదు, మళ్లీ కంపెనీ డ్రైవరే ఎక్కించాను.

'జర్నల్‌సీటీఎల్ -బి -1' కొడితే కిందటిసారి మెషీన్ ఆన్ చేసినప్పటి లాగ్ (అది రాసుకున్న చిట్టా) వస్తుంది. వచ్చింది గానీ, అసలు చోట ఖాళీ. మామూలు మెసేజ్‌లను డిస్కు మీద ఖాయంగా రాసే గడువు 5 నిమిషాలు, ఉన్నట్టుండి పవర్ తీస్తే చివరి వరుసలు గల్లంతు. నేను పొగిడిన గుణానికి ఇదొక చిల్లు.

చివరికి ఫోన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీద ఇంకో మెషీన్‌లోకి వెళ్లే దారి) పీసీ లోపలికెళ్లి, కెర్నెల్ మెసేజ్‌లను వచ్చినవి వచ్చినట్టు చూపించే 'డీమెస్‌జీ -డబ్ల్యూ' నడుస్తూ ఉండగా రెండర్ పెట్టి చాయ్ తాగడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పీసీ బిగుసుకుపోయింది, ఫోన్‌లో మాత్రం సాక్ష్యం భద్రం: వరసగా పీసీఐఈ బస్ (బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారి) ఎర్రర్లు, అన్నిటి పక్కనా 'కరెక్టెడ్' (సరిదిద్దాం), ఆఖరున 'జీపీయూ హ్యాజ్ ఫాలెన్ ఆఫ్ ద బస్'. ములుగు బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారినట్టు! అంత టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది. బోర్డుకు కార్డుతో సంబంధం తెగిపోయిందని దానర్థం.

కార్డు కాళ్లు రబ్బరుతో తుడిచాను, పవర్ కేబుల్ మార్చాను. లాభం లేదు. ఆ దారి కరెంటు పొదుపును ఆపేసే 'పీసీఐఈ ఏఎస్‌పీఎమ్ ఆఫ్' కెర్నెల్‌కు ఇస్తే రోజూ వచ్చేది వారానికొకసారి అయింది. కార్డును కింది స్లాట్‌లోకి మార్చాక నాలుగు నెలలుగా ఒక్కటీ లేదు. బరువుకు పై స్లాట్ వదులైందని నా అనుమానం. వారంటీ ఉంది కదా అని కొన్న షాపులో అడిగితే, "అన్నా, విండోస్ ఏసుకొని రా, అప్పుడు చూస్తం" అన్నాడు. మళ్లీ వెళ్లలేదు.

కింది స్లాట్‌కు నాలుగు లేన్లే (డేటా నడిచే వరసలు). నా రెండర్లలో తేడా తెలియలేదు, గేములాడేవాళ్లకు తెలుస్తుందేమో. నా దగ్గర ఇంకో ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి ఇన్ని ప్రయోగాలు చేయగలిగాను. ఒక్క మెషీన్‌తో బతికేవాళ్లకు డెబియన్ పెట్టుకోమని ధైర్యంగా చెప్పలేను. డెబియన్ 13 కూడా 2025 ఆగస్టులో వచ్చేసింది. ఈ ముహూర్తాలు అయిపోయేదాకా దాని జోలికి పోను.