చత్వారం వచ్చాక కెమెరా: కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం లెన్స్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తాను. మనుషుల మొహాలు తీయడం ఇష్టమైతే ఈ లెన్స్ కళ్లు మూసుకుని కొనొచ్చు. ఇంట్లో ఫంక్షన్‌కి పదిమందిని వరసగా నిలబెట్టి తీద్దామనుకుంటే మాత్రం దీని జోలికి పోవద్దు.

నేను ప్రొఫెషనల్‌ని కాదు. కాలేజీ రోజుల్లో యాషికా రీలు కెమెరా పట్టుకు తిరిగి, ఉద్యోగం, పిల్లలు, ఇంటి లోను మొదలయ్యాక దాన్ని అటకెక్కించి, ఇప్పుడు జుట్టు తెల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టినవాణ్ణి. గురువంటూ ఎవరూ లేరు, అప్పుడు రీలు కడిగించుకోడానికి వెళ్లినప్పుడు స్టూడియోలో విన్న మాటలు, ఇప్పుడు యూట్యూబ్, అంతే. నా దగ్గరున్నది కెనాన్ 200డి మార్క్ 2. దానితోపాటు వచ్చే 18-55 ఎంఎం జూమ్ లెన్స్ చెడ్డదేం కాదు గానీ దానితో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురొచ్చే కన్నం, నంబరు తగ్గేకొద్దీ పెద్దది) సంగతి ఎంత చదివినా బుర్రకెక్కదు, ఎందుకంటే 55 ఎంఎం దగ్గర ఆ కన్నం 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, 5.6లో తీసినా 8లో తీసినా పెద్ద తేడా కనపడి చావదు. ఈ 50తో 1.8కి పెట్టి ఒకటి, 8కి పెట్టి ఒకటి తీసి చూడండి. మనవరాలి వెనకున్న ఫ్రిజ్జూ, బట్టలారేసిన స్టాండూ మొదటిదాంట్లో కరిగిపోతాయి, రెండోదాంట్లో మళ్లీ ప్రత్యక్షమవుతాయి. సొంతంగా నేర్చుకునేవాళ్లకి దీన్ని చెప్పడానికి అసలు కారణం ఇదే, నంబరు తిప్పితే ఏం జరిగిందో అక్కడికక్కడే కంటికి తెలుస్తుంది.

ఇక వెలుతురు. 5.6తో పోలిస్తే 1.8 దగ్గర దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికొస్తుంది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి తెల్లారకముందే వెళ్తే బల్బుల వెలుతురే దిక్కు కదా, అక్కడ జూమ్‌తో ఐఎస్‌ఓ (రీలు స్పీడు లాంటిదే, పెంచేకొద్దీ తక్కువ వెలుతురు చాలు) 6400 పెట్టాల్సిన చోట దీనితో 800 దగ్గరే పనైపోతోంది. బంతిపూల రంగు రంగులాగే వస్తుంది, మొహాల మీద ఇసక చల్లినట్టు గ్రెయిన్ ఉండదు. మా రోజుల్లో 100 స్పీడు రీలు ఎక్కించామంటే 36 ఫోటోలూ దాంతోనే సరిపెట్టుకోవాలి, ఇప్పుడు ఫోటోకో స్పీడు, ఈ సుఖం కుర్రాళ్లకి అర్థం కాదులెండి.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. 1.8లో మీటరు దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది రెండు మూడు సెంటీమీటర్ల మందమే, కన్ను స్పష్టంగా ఉంటుంది, చెవి మసక. మొహాలకి 2.8 పెట్టుకోవడం మేలు, 1.8 కంటే షార్ప్‌నెస్ కూడా అక్కడ బాగుంటుంది. 200డి మార్క్ 2లో లైవ్ వ్యూ (వెనక స్క్రీన్‌లో చూసి తీయడం) ఆన్ చేస్తే కన్నుని పట్టుకునే ఆటోఫోకస్ ఉంది, వాడుకోండి. జూమ్‌లో ఉన్న ఐఎస్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఇందులో లేదు, మన చేతులేమో పాతికేళ్ల కుర్రాడివి కావు, కాబట్టి షట్టర్ స్పీడు 1/160 కంటే తగ్గకుండా చూసుకోవాలి. వీడియో తీసేటప్పుడు ఫోకస్ తిప్పే మోటారు సన్నగా గురగురమంటుంది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అది రికార్డవుతుంది కూడా.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మన ఇళ్లే. ఈ కెమెరాల సెన్సర్ (రీలు బదులు ఉండేది) చిన్నది కాబట్టి 50 కాస్తా 80 ఎంఎం లాగా పనిచేస్తుంది, అంటే ఫోటోలో పట్టేది తక్కువ. టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఇద్దరిని కలిపి నిలువునా తీయాలంటే వెనక్కి జరిగి జరిగి గోడకి వీపు ఆనుతుంది. బయట మాత్రం హాయి, జూమ్ లేదు కాబట్టి దగ్గరికి కావాలంటే నడవాల్సిందే, డాక్టరుగారు చెప్పిన వాకింగ్ కూడా అయిపోతుంది.

లెన్స్‌తో సంబంధం లేదు గానీ నా వయసువాళ్లకి ఒక మాట. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, కళ్లద్దాల పవర్‌ని బట్టి దాన్ని తిప్పుకోవాలి. అది సరిచేసుకోకుండా ఫోకస్ కుదరట్లేదని లెన్స్‌ని తిట్టేవాళ్లని చూశాను.

నేను కొన్నప్పుడు ధర పదివేలకి కాస్త అటూ ఇటూ. బరువు 160 గ్రాములు, మెడలో ఉన్నట్టే తెలీదు. 2015లో వచ్చిన మోడల్ ఇది, వెనక బిగించే రింగు మెటల్. సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తక్కువకి దొరికేది 1990 నాటి డిజైన్, దాని రింగు ప్లాస్టిక్, ఫోకస్ చేసేటప్పుడు చప్పుడు కూడా ఎక్కువ, ఆ నాలుగు డబ్బుల కోసం అటు పోవద్దు. నేను కొన్న షాపువాళ్లు యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు) లేకపోతే లెన్స్ పాడైపోతుందని తెగ భయపెట్టి అంటగట్టబోయారు. ఆ డబ్బుతో హుడ్ (పక్కనుంచి పడే వెలుతురుని ఆపే తొడుగు) కొనుక్కోండి, అది డబ్బాలో ఇవ్వరు, ఈఎస్-68 అని అడగాలి.

కెనాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) ఆర్ సిరీస్ కెమెరా ఉన్నవాళ్లు ఇది కాకుండా ఆర్ఎఫ్ 50 1.8 తీసుకోవాలి, లేదంటే దీన్ని బిగించడానికి మధ్యలో పెట్టే అడాప్టర్ ఖర్చు అదనం. ఇంట్లోనే ఎక్కువ తీస్తాం అనేవాళ్లు నా కెమెరా లాంటిదానికైతే ఈఎఫ్-ఎస్ 24 ఎంఎం 2.8 చూడండి, వెలుతురు కాస్త తక్కువ తీసుకుంటుంది గానీ వీపు గోడకి ఆనదు.