రోళ్లపాడులో ఆ తెల్ల గద్ద

జనవరిలో మా బావా నేనూ నంద్యాల జిల్లా రోళ్లపాడు వెళ్లాం. గడ్డిభూముల్లో తిరిగే పెద్ద పక్షి బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన చోటు అది. పేరుకు అరణ్యమే, ఎటు చూసినా గడ్డే. ఆ పిట్ట మాత్రం ఇప్పుడు కనబడటమే కరువైపోయింది. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మొదటి రాత్రి కర్నూలులో దిగాం. గది శుభ్రంగా ఉంది, పొద్దున ఉగ్గాని బజ్జీ తిన్నాం. కానీ రోళ్లపాడు చేరేసరికి ఎండెక్కింది, కృష్ణజింకలు తప్ప ఏమీ చూడలేదు. పైగా మట్టిదారి మీదికి రావాలంటే ఐదొందలు ఎక్కువ కావాలన్నాడు బాడుగ కారు డ్రైవర్. ముందే మాట్లాడుకోవాల్సింది.

రెండో రాత్రి నందికొట్కూరులో చిన్న లాడ్జిలో ఉన్నాం. ఐదింటికి వేడినీళ్లన్నారు, రాలేదు. బాత్రూం గడియ పడదు. అయినా ఆరున్నరకల్లా గడ్డిలో ఉన్నాం. పక్షుల కోసం వెళ్లేవాళ్లు నందికొట్కూరులోనే ఉండండి.

కరెంటు తీగ మీద ఒక గద్ద కూర్చుంది. తెల్ల పొట్ట, బూడిదరంగు వీపు, కాకికన్నా చిన్నది. "పిల్లి గద్ద రా, మగది" అన్నాడు బావ. చలికాలంలో మధ్య ఆసియా నుంచి మన గడ్డిభూములకు వచ్చే హారియర్‌నే ఇక్కడ పిల్లి గద్ద అంటారు. నాకూ అదే అనిపించింది.

అంతలో అది లేచింది. కాస్త దూరం పోయి గాలిలో ఒకేచోట ఆగిపోయింది. రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి, కాళ్లు వేలాడుతున్నాయి, తల మాత్రం కదలడం లేదు. మెట్టు మెట్టుగా కిందికి దిగి గడ్డిలో పడింది. మళ్లీ తీగెక్కాక బైనాక్యులర్‌లో చూశాం. కాళ్లలో ఎలుక. భుజం మీద మసి పూసినట్టు నల్ల మచ్చ, కన్ను కుంకుమంత ఎరుపు. తోక పైకీ కిందికీ ఆడిస్తోంది. అడవి రామదాసు! ఏడాది పొడవునా మన పొలాల్లోనే ఉండే పక్షి.

అసలు పిల్లి గద్దలు సాయంత్రం కనిపించాయి. రెక్కలు కాస్త పైకెత్తి పట్టి, గడ్డి కొసలు తాకేంత కిందుగా, అటూ ఇటూ ఒరుగుతూ వచ్చాయి. ఒక్కటీ గాలిలో నిలబడలేదు. అందుకే రంగు చూసి పేరు పెట్టేయకండి, ఎగిరే తీరు చూడండి. పొద్దు గూకాక ఒక్కొక్కటే గడ్డిలోకి దిగిపోయాయి. రాత్రికి వాటి పడక నేల మీదే. చీకటి పడేదాకా మేం అక్కణ్ణుంచి కదల్లేదు.