కొన్న కార్డుల కంటే మా ఇంటి ఫొటోలే పనికొచ్చాయి

మా బాబుకు ఆటిజం. కావాల్సినదాని ఫొటో ఇచ్చి అడగడానికి నర్సరీలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఫొటోల పుస్తకం ఇప్పుడు రెండో తరగతిలోనూ వాడి వెంటే ఉంది. ఇన్నాళ్లు వాడాక ధైర్యంగా చెప్తున్నా: మాట తక్కువున్న చిన్నపిల్లలకు బజారులో కొన్న బొమ్మల కార్డుల కంటే వాళ్లెరిగిన వస్తువుల ఫొటోలే మేలు.

కొన్న సెట్టులో నీళ్లంటే గాజు గ్లాసు బొమ్మ. మావాడు తాగేది స్టీలు చెంబుతో. ఆ కార్డు వైపు చూసేవాడే కాదు. వాడి చెంబునే ఫోన్లో ఫొటో తీసి, మా ఊళ్లో ఏడు రోడ్ల కూడలి దగ్గర ప్రింటు వేయించి ఇస్తే, దప్పికైనప్పుడు పుస్తకంలోంచి ఆ ఫొటో పీకి నా చేతిలో పెట్టడం త్వరగానే వచ్చింది. కారం దోశె, ఉగ్గాని, జేజి (వాడి నాయనమ్మ), స్కూలు ఆటో తర్వాత చేరాయి.

ఇలా కార్డు ఇచ్చి అడిగే పద్ధతిని పెక్స్ (PECS, పిక్చర్ ఎక్స్చేంజ్ కమ్యూనికేషన్ సిస్టమ్) అంటారు. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించారు. మొదట్లో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా కూర్చుని కార్డు అందుకోవాలి, ఇంకొకరు వెనక నుంచి పిల్లాడి చెయ్యి పట్టి ఇప్పించాలి. "ఏం కావాలి నాయనా?" అని ముందే అడగకూడదు. మా జేజికి అదే కష్టమైంది, పాపం.

ఫొటోలో ఒక్క వస్తువే ఉండాలి. నేను తెల్ల పంచె పరిచి తీస్తాను. లామినేషన్ మ్యాట్‌ది అడగండి, మెరిసేదైతే ట్యూబులైటు కింద ఏమీ కనపడదు.

లోపమూ ఉంది. ఫొటోలోని చెంబు తప్ప ఇంకోటి చెంబే కాదంటాడు. అందుకే ఒక్కో వస్తువుకు రెండు మూడు రకాల ఫొటోలు పెట్టాం. "ఇంకా", "వద్దు" లాంటివి ఫొటో తీయలేం, గుర్తులు గీసుకోవాల్సిందే. వాటిలో "వద్దు" మాకు బంగారం. కటింగ్ షాపులో మిషన్ మోగితే చాలు, ఒకప్పుడు చెయ్యి కొరుక్కునేవాడు. మొన్న ఆ కార్డు తీసి కటింగ్ చేసే ఆయన చేతిలో పెట్టాడు. ఆయన మిషన్ పక్కన పెట్టి కత్తెర అందుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బొమ్మలకు అలవాటైతే మాట రాదని చుట్టాలు టెన్షన్ పెడతారు. మాటకు ఇవి అడ్డు కావనే పరిశోధనలు చెప్తున్నాయి. మావాడిప్పుడు చెంబు ఫొటో ఇస్తూ నీళ్లకు "నీ" అంటున్నాడు.

మొదలుపెట్టేవాళ్లు పిల్లలకు ప్రాణమైన ఒక్క తిండి ఫొటోతో మొదలుపెట్టండి. అది కుదిరాకే రెండోది.