పాత కత్తి: మెరుగు పెట్టింది మేలా, తుప్పుతో ఉన్నదా?

దసరాకు ఆయుధపూజ అనగానే అటకల మీది కత్తులు కిందికి దిగుతాయి. ఆ వెంటే హనుమకొండ, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి ఒకటే ప్రశ్న: బాగుచేసి మెరుగు పెట్టిన కత్తిని నమ్మాలా, తుప్పుతో ఉన్నదాన్నా? చాలామంది తుప్పు వైపే మొగ్గుతారు. నేను మాత్రం చేత్తో, ఓపికగా మెరుగు పెట్టినదానివైపే.

తుప్పు వయసుకు సాక్ష్యం కాదు. ఉప్పునీళ్లు చల్లి మట్టిలో పూడ్చితే కొత్త ఇనుమూ తుప్పు పడుతుంది. అది నారింజ రంగులో పొడిపొడిగా రాలుతుంది. పాతది నలుపు తిరిగి గట్టిగా అతుక్కుని ఉంటుంది. కానీ దాని కింద ఏ ఉక్కుందో ఎలా తెలియాలి?

నా లెక్కలో తేల్చేది ఆ ఉక్కే. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో, కరిగించి తీసిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా పోయింది. ఆ రకం ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. అందులోని కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) వరసలే నీటి అలల్లాంటి గీతలుగా కనిపిస్తాయి. అవి లోపలిదాకా ఉంటాయి కాబట్టి నున్నగా రుద్దితే పోయినా, ఉక్కును కొద్దిగా తినే పలచటి ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం రాస్తే మళ్లీ తేలతాయి. యాసిడ్‌తో పైపైన దించిన దొంగ గీతలు ఒకసారి పోతే ఇక రావు. భూతద్దంతో కత్తి వెన్ను చూడండి, అసలు గీతలు అక్కడ కూడా ఉంటాయి.

ఒక చిక్కుంది. రెండు రకాల ఉక్కు మడిచి అతికి, డమాస్కస్ పేరుతో అమ్మే కొత్త కత్తుల్లోనూ గీతలు తిరిగొస్తాయి. అయితే వాటి చారలు వెడల్పుగా, నలుపు తెలుపు కొట్టొచ్చినట్టు ఉంటాయి. మూస ఉక్కువి సన్నగా, తెగుతూ కలుస్తూ సాగుతాయి. అలాగని గీతలు లేని ప్రతి కత్తీ నకిలీ కాదు. మామూలు ఉక్కువి, యూరప్ నుంచి వచ్చినవి కూడా మన పిడులు తొడుక్కున్నాయి.

గ్రైండర్ పెట్టిన కత్తి మాత్రం వద్దే వద్దు. గాడి అంచులు మొద్దుబారి, చెక్కిన అక్షరాలు చెరిగిపోతే తిరిగి రావు.

పాత కత్తికి కొత్త పిడి అంటారా, లక్కతో అతికేది కాబట్టి మార్చడం తేలిక. పిడిని చూసి వయసు చెప్పకండి.

కొనేవాళ్లకు ఒక మాట: వందేళ్లు దాటినవి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, అమ్మేవాళ్లకు లైసెన్సు ఉందా అని అడగండి. బాగుచేయించాలనుకుంటే ముందు పిడి దగ్గర వేలెడంత మేరే శుభ్రం చేయించండి. గీతలు తేలాకే మిగతా కత్తి ముట్టుకోనివ్వండి.