కలిగిన ఇంట్లో రెండంచుల రేజర్

డబ్బుకు ఇబ్బంది లేని ఇళ్లలో పొదుపు గురించి మాట వచ్చినప్పుడు తరచుగా ప్రస్తావనకు వచ్చే వస్తువుల్లో పాతకాలపు రెండంచుల సేఫ్టీ రేజర్ ఒకటి. ఎంత ఖరీదైన రేజర్‌నైనా కొనగలిగిన మనిషి అయిదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌ను, అంటే పిడికి తగిలించి మొద్దుబారాక మార్చేసే తలను పక్కన పెట్టి, తాతల నాటి పద్ధతిలో ఒక్క బ్లేడుతో గడ్డం గీసుకోవడం చూసేవారికి పిసినారితనంగానో, సరదా వేషంగానో తోచవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన మూడు ముక్కల రేజర్‌ను చాలాకాలంగా రోజూ వాడుతున్న అనుభవంతో నేను చెప్పగలిగింది ఇది: పనిముట్టుగా దీనికి వంక పెట్టలేము. కానీ కలిగినవారి చేతిలో ఇది పొదుపుగా నిలుస్తుందా, లేక మరో ఖర్చుకు తలుపు తీస్తుందా అన్నది మాత్రం దీన్ని కొన్న తరవాత వాళ్లు ఇంకేం కొంటారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ముందుగా వస్తువు సంగతి. పైన ఒక మూత, కింద ఒక పలక, వాటికి బిగించే పిడి, ఇంతే దీని నిర్మాణం. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే కాబట్టి విడిగా పట్టుకుంటే రేకులాగా ఊగుతుంది. మూతకూ పలకకూ మధ్య పెట్టి పిడిని మర తిప్పినప్పుడు అది కొద్దిగా వంపు తిరిగి, ఆ వంపు వల్లనే బిగువుగా నిలుస్తుంది. చవక రకాలను జింకు మిశ్రమలోహంతో పోతపోసి పైన క్రోమియం పూత వేస్తారు. అవి నున్నగా, బరువుగా కనిపించినా, స్నానాలగది గచ్చు మీద ఒకసారి గట్టిగా పడితే మర ఉన్న కాడ విరిగిపోయే అవకాశం ఉంది. పూత లేచిన చోట లోహం గుంటలు పడుతుంది. నేను స్టీలు రేజర్‌కు మారడానికి ముందు వాడిన రేజర్ సరిగ్గా ఈ రెండో దారిలోనే పాడైంది. ఇత్తడితోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసినవి మొదట ఖరీదు ఎక్కువే అయినా, అరిగిపోయే భాగం అంటూ వాటిలో దాదాపు ఏమీ లేదు. ఒకేసారి పెద్ద మొత్తం పెట్టగలగడమే కలిగినవారి పొదుపుకు ఉన్న అసలు బలం. నెలనెలా చేతికందినంతలో కొనుక్కునేవారు చవక వస్తువును మళ్లీ మళ్లీ కొంటూ చివరికి ఎక్కువే చెల్లిస్తారు. అందువల్ల ఇలాంటి కొనుగోలును క్రమశిక్షణగా చెప్పుకుని మురిసిపోయే ముందు, అది తమకున్న వెసులుబాటు కూడా అని గుర్తించడం న్యాయం.

ఈ రేజర్‌కు బ్లేడు ఇంత చవకగా దొరకడానికి కారణం దాని చరిత్రలో ఉంది. వాడి పారేసే బ్లేడుతో పనిచేసే ఈ తరహా రేజర్‌కు కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమెరికన్ 1901లో పేటెంటు కోసం దరఖాస్తు చేసుకున్నాడు, 1904లో అది మంజూరైంది. అమ్మకాలు మొదలైన 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లూ 168 బ్లేడ్లూ మాత్రమే కాగా, మరుసటి సంవత్సరానికి రేజర్ల సంఖ్య 90 వేలు దాటింది. రేజర్‌ను చవగ్గా అంటగట్టి బ్లేడ్ల మీద లాభం తీయడం ఆయన మొదటినుంచీ నడిపిన ఎత్తుగడ అని లోకంలో ఒక ప్రచారం ఉంది. నిజానికి పేటెంటు చేతిలో ఉన్నంతకాలం ఆ కంపెనీ రేజర్‌ను ఖరీదైన వస్తువుగానే అమ్మింది. 1921లో ఆ పేటెంటు గడువు ముగిశాక ఆ తరహా బ్లేడును ఎవరైనా తయారుచేసుకునే వీలు కలిగింది. ఇప్పుడు బ్లేడు కొలత అందరికీ ఒక్కటే కాబట్టి ఏ కంపెనీ బ్లేడైనా ఏ కంపెనీ రేజర్‌లోనైనా ఇముడుతుంది. దీనికి భిన్నంగా 1971లో రెండు బ్లేడ్లతో, 1998లో మూడింటితో, 2006లో అయిదింటితో వచ్చిన కార్ట్రిడ్జ్‌లు ఏ పిడి కోసం చేసినవి దానికే అతుకుతాయి. ఒకసారి పిడి కొన్నవాడు ఆ కంపెనీ చెప్పిన ధరకు కట్టుబడక తప్పదు. చాలాచోట్ల ఒక్క కార్ట్రిడ్జ్ ధరకు రెండంచుల బ్లేడ్ల చిన్న పెట్టె ఒకటి వచ్చేస్తుంది.

వాడకంలో తేడా మొదటిరోజునే తెలుస్తుంది. కార్ట్రిడ్జ్‌కు తల అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి చెయ్యి ఎలా పోయినా అది సర్దుకుంటుంది. ఇక్కడ ఆ పని మన మణికట్టు చెయ్యాలి. పిడిని చర్మానికి సుమారు 30 డిగ్రీల కోణంలో పట్టి, ఏమాత్రం అదమకుండా, రేజర్ బరువుతోనే దాన్ని కిందికి జారనివ్వాలి. కోణం కుదిరినప్పుడు వెంట్రుకలు తెగుతున్న సన్నని కరకర చెవికి వినిపిస్తుంది, కోణం తప్పినప్పుడు ఆ చప్పుడు ఆగిపోయి బ్లేడు ఊరికే జారుతుంది. దవడ మూల దగ్గరా, గొంతు ముడి దగ్గరా చర్మాన్ని లాగి పట్టుకోకపోతే గాటు పడడం ఖాయం. మెడ మీద వెంట్రుకలు ఏ వైపుకు పెరుగుతున్నాయో వేళ్లతో తడిమి చూసుకోవడం మరో అలవాటుగా చేసుకోవాలి. తొలి రోజుల్లో పట్టే అదనపు సమయం చెయ్యి తిరిగాక తగ్గిపోతుంది, కానీ హడావుడిగా ముగించే పనిగా మాత్రం ఇది ఎప్పటికీ మారదు. ఇక లాభమేమిటంటే, వరస బ్లేడ్ల రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనక బ్లేడు దాన్ని చర్మం మట్టానికన్నా కిందికి కోసేస్తుంది. ఉంగరాల వెంట్రుకలున్నవారిలో అది తిరిగి చర్మంలోకే పెరిగి పొక్కులు లేపుతుంది. ఒక్క బ్లేడుతో ఆ బాధ చాలావరకు తగ్గుతుంది, నా మెడ విషయంలో పూర్తిగానే పోయింది.

కలిగిన ఇళ్లలో పొదుపు పెడదారి పట్టే మొదటి చోటు బ్లేడు. ఒకే బ్లేడును వారాల తరబడి లాగుతూ అదొక ఘనకార్యంగా చెప్పుకునేవారు ఉంటారు. వెంట్రుక స్టీలుకన్నా సుమారు 50 రెట్లు మెత్తనిదైనా బ్లేడు అంచు ఎందుకు పాడవుతుందన్న ప్రశ్నకు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2020లో జవాబిచ్చారు. అంచు క్రమంగా మొద్దుబారడం ఒక్కటే కాదు. వెంట్రుక కోణంగా తగిలినప్పుడు, స్టీలు లోపలి నిర్మాణం ఒకే తీరుగా లేని చోట, అంచు నుంచి అతిసూక్ష్మమైన పెచ్చు ఊడిపోతుందని వారు చూపించారు. అలా పెచ్చులూడిన అంచు చర్మాన్ని కోస్తుంది తప్ప వెంట్రుకను శుభ్రంగా కోయదు. వారానికి రెండు బ్లేడ్లు మార్చినా ఏడాదికి 104 మించవు, అంటే వంద బ్లేడ్ల పెట్టె ఒకటి ఇంచుమించు ఏడాదంతా వస్తుంది. ఇంత చవకైన వస్తువు దగ్గర పీనాసితనం చూపి, ఆపైన మంటకు రాసుకోవడానికి ఖరీదైన లేపనం కొనడంలో ఏ లెక్కా లేదు.

రెండో పెడదారి దీనికి పూర్తిగా ఎదురు దిక్కులో ఉంటుంది. రేజర్ కొన్న ఉత్సాహంలో దానికొక స్టాండు, బ్రష్షు, గిన్నె, రకరకాల సబ్బులు, గీసుకోవడానికి ముందొక నూనె, తరవాతొక నూనె, ఆపైన ‘ఇంకొంచెం పదునుగా కోస్తుందట’ అని మరో రేజర్, ఇలా వరస పెట్టి కొనేవారిని నేను చాలామందిని చూశాను. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న సామెత వీరికి వర్తించదు, మెతుకూ ఉంది, సంపెంగ నూనె కొనే స్తోమతా ఉంది. కాకపోతే కార్ట్రిడ్జ్‌ల మీద మిగిలిందంతా అరల్లో వరసగా కూర్చుంటుంది, పొదుపు పేరుతో మొదలైన ఖర్చు తడిసి మోపెడవుతుంది. చవకగా వచ్చాయని పదేళ్లకు సరిపడా బ్లేడ్లు తెచ్చి పెట్టుకోవడమూ ఈ కోవలోదే.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. సంపన్న కుటుంబం మొత్తం ఖర్చులో గడ్డం గీసుకునే సామాను వాటా లెక్కలోకి రానంత తక్కువ. ఇల్లు, వాహనం, చదువులు, ప్రయాణాలు అన్న నాలుగింటి దగ్గర తీసుకునే నిర్ణయాలే ఆ కుటుంబం కూడబెట్టేదాన్ని నిర్ణయిస్తాయి. అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ నిరాడంబరత గురించి లోకం చెప్పుకునేది ఆయన 1958లో కొన్న ఇంట్లోనే దశాబ్దాలపాటు ఉండిపోవడం గురించి, ఆయన ఏ రేజర్‌తో గీసుకుంటాడన్నది ఎవరికీ పట్టలేదు. రెండేళ్లకోసారి కారు మార్చే ఇంట్లో ఈ రేజర్ అలంకారం మాత్రమే. అయినా నేను దీన్ని సిఫారసు చేయడానికి కారణం ఉంది. నెలనెలా ఏదో ఒకటి అయిపోవడం, దానికోసం అంగడికి పోవడం లేదా చందా కట్టడం, పోయిన ప్రతిసారీ అక్కరలేనివి మరో నాలుగు బుట్టలో పడడం అన్న గొలుసును ఇది ఒక చోట తెంపుతుంది. ఆ మేరకు ఇల్లు తేలికవుతుంది.

లోపాలు కూడా లేకపోలేదు. విడి బ్లేడును విమానంలో చేతిసంచిలో పెట్టుకోనివ్వరు కాబట్టి తరచూ ప్రయాణం చేసేవారు ఊరెళ్లినప్పుడు వాడేందుకు వేరే రేజర్ పెట్టుకోక తప్పదు. పిల్లలున్న ఇంట్లో బ్లేడ్ల పెట్టెను ఎత్తులో ఉంచాలి. వాడిన బ్లేడ్లను చెత్తబుట్టలో విడిగా పడేస్తే చెత్త ఎత్తేవారి చేతులు తెగుతాయి, అందుకని మూతకు సన్నని గాడి పెట్టిన రేకు డబ్బాలో వాటిని పోగుచేసి, నిండాక మూసి పారేయాలి. ప్లాస్టిక్కూ లోహమూ విడదీయలేనంతగా కలిసిపోయిన కార్ట్రిడ్జ్‌తో పోలిస్తే ఈ చెత్త చాలా తక్కువ. కాళ్ల మీద వాడుకోవాలనుకునే స్త్రీలకు పొడవైన పిడి ఉన్న రకం పట్టుకు అనుకూలంగా ఉంటుంది.

కొనదలచినవారు స్టెయిన్‌లెస్ స్టీలు రేజర్‌ను, చర్మం మీద మృదువుగా కోసే రకాన్ని ఎంచుకోవాలి. బ్లేడు అంచు ఎక్కువగా బయటికి వచ్చే దూకుడు రకాలు చెయ్యి తిరిగినవారికే పనికొస్తాయి. నాలుగైదు కంపెనీల బ్లేడ్లు కలిపి ఉన్న చిన్న పెట్టె ఒకటి తెప్పించుకుని, చర్మానికి పడినదాన్ని పట్టుకుని, మిగిలినవాటి ఊసు వదిలేస్తే సరిపోతుంది. గడ్డం పెంచుకునేవారూ, ట్రిమ్మర్‌తో సరిపెట్టుకునేవారూ అసలు దీని జోలికి రానక్కరలేదు.